పొట్ట కొవ్వు తీయించుకుని రాత్రికల్లా ఇంటికి వచ్చేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది కావలి. వయసు 36. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 68 కిలోలు. ఒళ్ళంతా ఒక ఎత్తు, పొట్ట ఒక్కటీ ఒక ఎత్తు. చిన్నవాడు పుట్టి ఆరేళ్ళయినా ఏ ఫంక్షన్‌కు వెళ్ళినా ఎవరో ఒకరు “మళ్ళీ ఎన్నో నెల?” అని అడుగుతున్నారు. నడిచాను, రాత్రి అన్నం మానేశాను, పొట్ట మాత్రం పోలేదు. చెన్నైలో ఒక సెంటర్‌కు వెళ్తే లైపోసక్షన్, అంటే గొట్టంతో కొవ్వు లాగేసే ఆపరేషన్ చేస్తామన్నారు. ప్యాకేజీ లక్షా ఇరవై వేలు. పొద్దున ఆపరేషన్, సాయంత్రం డిశ్చార్జ్, రాత్రికి కారులో ఇంటికి వెళ్ళిపోవచ్చు, మూడో రోజు నుంచి మామూలు పనులే అన్నారు. దసరా సెలవుల్లో చేయించుకుంటే సరిగ్గా ఏడు వారాలకు మా తమ్ముడి పెళ్ళి. మా అమ్మకు షుగర్ ఉంది, నాకు బోర్డర్‌లో ఉంది. కొవ్వు తీసేస్తే అదీ తగ్గుతుందా? మా అత్తగారు ఒప్పుకోరు కాబట్టి ఇంట్లో అపెండిక్స్ ఆపరేషన్ అని చెబుదామనుకుంటున్నాను. మా ఆయనకు మాత్రమే తెలుసు. ఆయనది కృష్ణపట్నంలో షిఫ్టు డ్యూటీ, సెలవు దొరకడం కష్టం. నొప్పి ఎంత ఉంటుంది? మళ్ళీ పొట్ట వస్తుందా?

జవాబు: అమ్మా, “మళ్ళీ ఎన్నో నెల?” అన్న మాట నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో చాలామంది పడ్డదే. అడిగినవాళ్ళు భోజనం చేసి వెళ్ళిపోతారు. ఆ మాట పడ్డవాళ్ళు ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడతారు. అందుకే ఈ ఆపరేషన్ మీద ఆశ పెట్టుకున్నందుకు మిమ్మల్ని నేను ఒక్క మాట కూడా అనను. అయితే ఆ సెంటర్ వాళ్ళు మీకు ఆపరేషన్ గురించి చెప్పారే గాని, దాని తర్వాతి రోజుల గురించి చెప్పలేదు. లైపోసక్షన్‌లో థియేటర్‌లో గడిచేది రెండు మూడు గంటలు. మిగతా వారాలన్నీ గడిచేది మీ ఇంట్లో, మీ మంచం మీద. ఆ రోజుల్లో మీ పక్కన ఎవరుంటారు, వాళ్ళకు ఏం తెలుసు అన్నది తేలకుండా తేదీ ఖాయం చేసుకోవద్దు. రాత్రికి రాత్రి కారులో రావడం, అబద్ధం చెప్పి ఒంటరిగా కోలుకోవడం, ఏడు వారాలకు పెళ్ళి పనుల్లో దిగడం. ఈ మూడింటికీ నా జవాబు వద్దనే.

ముందు మీ పొట్ట సంగతి చూద్దాం. పొట్టలో కొవ్వు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి చర్మం కింద, రెండోది లోపల పేగుల చుట్టూ. లైపో మొదటిదాన్నే తీయగలదు. రెండోదాన్ని ఏ సర్జనూ గొట్టం పెట్టి తీయలేడు, తీయకూడదు కూడా. ఇంట్లోనే నిలబడి బొడ్డు పక్కన వేళ్ళతో పట్టి చూడండి. మెత్తగా మందంగా చేతికి వస్తే అది చర్మం కింది కొవ్వు. పట్టుకుంటే చేతికి పెద్దగా ఏమీ రాక, పొట్ట మాత్రం గట్టిగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటే అది ఎక్కువగా లోపలి కొవ్వు. అది తిండి, నడకలతో తగ్గాల్సిందే.

ఇద్దరు పిల్లల తల్లి పొట్టకు ఇంకో కారణం కూడా ఉండొచ్చు. గర్భంలో బిడ్డ పెరుగుతున్నప్పుడు పొట్ట ముందు కండరాలు రెండూ నడిమధ్య ఎడంగా జరుగుతాయి. కొందరికి కాన్పు తర్వాత అవి మళ్ళీ దగ్గరకు రావు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, తల ఒక్కటే పైకెత్తి బొడ్డు పైనా కిందా మధ్యగీత మీద వేళ్ళు పెట్టి చూడండి. రెండు వేళ్ళు, అంతకన్నా ఎక్కువ లోపలికి దిగినా, మధ్యలో గట్టులాగా పొంగినా అనుమానించాలి. కండరాల మధ్య ఎడం ఉన్నప్పుడు కొవ్వు ఎంత తీసినా “ఎన్నో నెల” అనిపించే ఆ ఆకారం పోదు. చర్మం సంగతీ చూడాలి. బాగా సాగి చారలు పడిన చర్మం కింద కొవ్వు తీస్తే, దూది తీసేసిన పరుపు గలీబులాగా అది వదులుగా వేలాడుతుంది. ఇలాంటివాళ్ళకు పనికొచ్చేది టమ్మీ టక్ అనే వేరే ఆపరేషన్. కింది పొట్ట మీద ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోసి, సాగిన చర్మం తీసేసి, కండరాలను దగ్గరకు కుడతారు. అది లైపో కన్నా పెద్దది. కోలుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. మీకు ఏది కావాలన్నది ఉత్తరం చూసి నేను చెప్పలేను. మిమ్మల్ని పడుకోబెట్టి, నిలబెట్టి, పట్టి చూసిన సర్జన్ చెప్పాలి. ఆ సెంటర్‌లో మిమ్మల్ని అలా చూశారా? ప్యాకేజీ చెప్పింది డాక్టరా, కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయా?

రెండు సిజేరియన్లు అన్నారు కాబట్టి ఇంకొక మాట. పాత కుట్టు దగ్గర గాని, బొడ్డు దగ్గర గాని చిన్న హెర్నియా, అంటే పొట్ట గోడలో సందు పడి పేగు బయటికి పొడుచుకురావడం, ఉండి మీకు తెలియకపోవచ్చు. చర్మం కింద గొట్టం ఆడిస్తున్నప్పుడు అది హెర్నియాలోకి దిగితే పేగుకు రంధ్రం పడుతుంది. అరుదే, కానీ ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్‌కు ముందు పొట్ట స్కాన్ తీయించమని నేను పట్టుబట్టేది అందుకే.

షుగర్ గురించి స్పష్టంగా చెబుతాను. లైపో వల్ల షుగర్ తగ్గదు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వైద్యులు ఊబకాయం ఉన్న 15 మంది స్త్రీలకు పెద్ద ఎత్తున, మనిషికి సుమారు 10 కిలోల కొవ్వు లైపోతో తీశారు. పది పన్నెండు వారాల తర్వాత చూస్తే వాళ్ళ బీపీ, ఇన్సులిన్ పనితీరు, కొలెస్ట్రాల్ ఏవీ మెరుగుపడలేదు. 2004లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ ఫలితాలు వచ్చాయి. అదే మనిషి తిండి తగ్గించి నడిచి నాలుగైదు కిలోలు తగ్గితే కాలేయంలో, పేగుల చుట్టూ ఉన్న కొవ్వు కరిగి షుగర్ దిగుతుంది. మీ ఎత్తుకు 68 కిలోలంటే బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు ఎంతుందో చూసే లెక్క, 27 దాటింది. మన దేశంలో 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. అమ్మగారికి షుగర్ ఉంది, మీకు బోర్డర్‌లో ఉంది. ఆపరేషన్ చేయించుకున్నా మానుకున్నా ఈ విషయం మాత్రం వదిలేయకండి. రాత్రి అన్నం మానేయడం ఒక్కటే దారి కాదు. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి, ఆ చోట్లో పప్పు, గుడ్డు, చేప, కూర పెంచండి.

మామూలుగా చేసే లైపోతో బరువూ పెద్దగా తగ్గదు. మూడు లీటర్లు తీశాం అన్నారంటే, కొవ్వు లాగే ముందు లోపలికి ఎక్కించిన మందు ద్రవమూ అందులో కలిసి ఉంటుంది. రెండు లీటర్ల కొవ్వు కాటా మీద రెండు కిలోలు కూడా తూగదు. మారేది ఆకారం, కొలత. అదే కావాలనుకునేవారికి ఇది మంచి ఆపరేషనే. నేను చూసినవాళ్ళలో బాగా తృప్తి పడ్డవాళ్ళు అప్పటికే బరువు చాలావరకు అదుపులో ఉండి, ఒకటి రెండు చోట్ల మాత్రం కొవ్వు మొండికేసినవాళ్ళు.

ఇక ఆపరేషన్ రోజు. పొద్దున్నే ఏమీ తినకుండా రావాలి. నిలబెట్టి మార్కర్ పెన్నుతో పొట్ట మీద గీతలు గీస్తారు, ఫొటోలు తీస్తారు. పడుకుంటే ఆకారం మారిపోతుంది కాబట్టి ఆ గీతలే సర్జన్‌కు ఆధారం. తర్వాత చిన్న గాట్ల లోంచి సెలైన్, లిగ్నోకెయిన్, అడ్రినలిన్ కలిపిన ద్రవాన్ని కొవ్వులోకి ఎక్కిస్తారు. లిగ్నోకెయిన్ తిమ్మిరి ఎక్కిస్తుంది. అడ్రినలిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి రక్తం చాలా తక్కువ పోతుంది. ఈ పద్ధతిని 1980లలో అమెరికా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ కనిపెట్టాకే లైపో ఇంతగా వ్యాపించింది. ఆ తర్వాత మూడు నాలుగు మిల్లీమీటర్ల మందమున్న గొట్టంతో కొవ్వును లాగేస్తారు. చోటు చిన్నదైతే తిమ్మిరి మందుతోనే చేస్తారు. పొట్ట, పక్కలు అంటే నడుముకు ఇంజెక్షనో, పూర్తి మత్తో ఇస్తారు. ఏదైనా సరే మత్తు డాక్టర్ చివరిదాకా మీ తల దగ్గరే ఉండాలి.

సాయంత్రం డిశ్చార్జ్ మాట దగ్గర జాగ్రత్తగా వినండి. ఆ సాయంత్రం మీకు నొప్పి పెద్దగా తెలియదు. ఎక్కించిన తిమ్మిరి మందు ఇంకా ఒంట్లోనే ఉంటుంది. “ఇంతేనా, దీనికా భయపడ్డాను” అనిపిస్తుంది. సరిగ్గా ఆ ధైర్యంతోనే చాలామంది కారెక్కుతారు. కొవ్వులో ఉన్న లిగ్నోకెయిన్ మెల్లమెల్లగా రక్తంలోకి వస్తూ, పది పన్నెండు గంటల తర్వాత గాని పతాక స్థాయికి చేరదు. మోతాదు మించితే పెదవుల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, కళ్ళు తిరగడం మొదలై ఫిట్స్ దాకా పోవచ్చు. అది మొదలయ్యే వేళకు మీరు నాయుడుపేట దాటి హైవే మీద ఉండటం నాకు ఇష్టం లేదు. చెన్నై నుంచి కావలికి దాదాపు 230 కిలోమీటర్లు. నాలుగు గంటలకు పైగా కాళ్ళు కదపకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం కూడా ఉంది. లైపో తర్వాత ప్రాణాలు పోయిన సందర్భాల్లో ఇది ముఖ్యమైన కారణం.

అందుకే ఆ రాత్రి ఆస్పత్రిలోనే ఉండండి. లాగిన ద్రవం మొత్తం 5 లీటర్లు దాటితే రాత్రంతా ఉంచి చూడాలన్నది ప్లాస్టిక్ సర్జన్లు పాటించే నియమం. మీకు అంత తీయకపోయినా, దూరపు ఊరి నుంచి వచ్చినవారిగా మీరు ఉండి తీరాలి. ఆ తర్వాత నాలుగైదు రోజులు చెన్నైలోనే బంధువుల ఇంట్లోనో, ఆస్పత్రి దగ్గర లాడ్జిలోనో ఉండి, ఒకసారి కట్టు విప్పి చూపించుకుని రండి. వచ్చేటప్పుడు కారు కన్నా పగటి రైలు మేలు. పినాకినిలో అయితే అరగంటకోసారి లేచి పెట్టె ఈ చివరి నుంచి ఆ చివరికి నడవొచ్చు. మంచినీళ్ళు బాగా తాగండి.

నొప్పి అడిగారు. రెండో రోజు పొద్దున తిమ్మిరి వదిలాక మొదలవుతుంది. జిమ్‌కు మొదటిసారి వెళ్ళి అతిగా చేసిన మర్నాడు ఒళ్ళు పట్టేసినట్టు, దానికి తోడు కమిలిన మంట. మాత్రలతో అదుపులో ఉంటుంది. మూడు నాలుగు రోజులు గట్టిగా ఉండి తర్వాత తగ్గుతుంది. సిజేరియన్ నొప్పి ఓర్చుకున్నవారికి ఇది కొత్త కాదు. మంచం దిగడం, పక్కకు తిరగడం, దగ్గడం, నవ్వడం కష్టంగా ఉంటాయి. అయినా ఆపరేషన్ రోజు సాయంత్రం నుంచే మనిషి సాయంతో లేచి నాలుగు అడుగులు వేయాలి. పడుకునే ఉండటం విశ్రాంతి అనుకోకండి. గడ్డలు కట్టేది అప్పుడే.

నొప్పి కన్నా ముందుగా చెప్పకపోతే భయపెట్టే సంగతులు వేరే ఉన్నాయి. మొదటి ఒకటి రెండు రోజులు ఆ చిన్న గాట్ల నుంచి ఎర్రటి నీరు కారుతూనే ఉంటుంది. పక్క తడిసిపోతుంది. అది ఎక్కించిన ద్రవమే, కొద్దిగా రక్తం కలిసి ఉంటుంది. కారిపోవడమే మంచిది కాబట్టి గాట్లను చాలామంది సర్జన్లు గట్టిగా కుట్టరు. పరుపు మీద ప్లాస్టిక్ షీటు, పైన పాత దుప్పట్లు, వదులుగా ఉండే నాలుగు పాత నైటీలు ముందే సిద్ధం చేసుకోండి. అదే పనిగా చిక్కటి ఎర్ర రక్తం వస్తే మాత్రం వెంటనే ఫోన్ చేయాలి. మూడో రోజుకు కమిలిన నీలం రంగు కిందికి జారుతుంది. పొట్టకు చేస్తే తొడల మీద, మర్మాంగాల దగ్గర నల్లబడి వాస్తుంది. ఈ సంగతి ఎవరూ చెప్పరు, చూసుకున్నవాళ్ళు బిగుసుకుపోతారు, సిగ్గుతో అడగరు. రెండు వైపులా సమానంగా ఉండి, రోజురోజుకూ తగ్గుతుంటే కంగారు పడనక్కర్లేదు. రెండు మూడు వారాల్లో పోతుంది. ఇంకొకటి, మొదటి వారం కాటా ఎక్కొద్దు. నీరు పట్టి ఉంటుంది కాబట్టి బరువు పెరిగినట్టు చూపిస్తుంది. డబ్బు పోసి ఒళ్ళు కోయించుకుని బరువు పెరిగానని ఏడ్చిన అమ్మాయిలను నేను ఓదార్చాను.

బిగుతు డ్రెస్ ఒకటి ఇస్తారు, రొమ్ముల కింద నుంచి తొడల దాకా. మన పెద్దవాళ్ళు బాలింతకు కట్టే నడికట్టు దీనికి సరిపోదు. చీర ఒకచోట బిగుసుకుని ఒకచోట వదులవుతుంది, మడతపడిన చోట చర్మం మీద గాడి పడిపోతుంది. ఈ డ్రెస్ ఒళ్ళంతా ఒకే ఒత్తిడి ఇస్తుంది, నీరు చేరనివ్వదు. మొదటి మూడు నాలుగు వారాలు స్నానానికి తప్ప రాత్రీ పగలూ ఉండాలి. ఆరు వారాల దాకా పగలన్నా వేసుకోమంటారు. రెండు జతలు కొనుక్కోండి, ఒకటి ఉతికితే ఒకటి ఉండాలి. మొదటిసారి విప్పేటప్పుడు ఒంటరిగా బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకోవద్దు. ఒత్తిడి ఒక్కసారిగా వదలగానే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. స్టూలు మీద కూర్చుని, పక్కన మనిషిని పెట్టుకుని విప్పండి.

ఈ డ్రెస్‌ను మన ఎండల్లో ఊహించుకోండి. వేసవి సెలవులు పెద్దవి కదా అని మే నెలలో చేయించుకునే టీచర్లు ఉంటారు. రోహిణీ కార్తెలో నెల్లూరు జిల్లా ఉక్కపోతలో ఈ డ్రెస్‌తో ఇరవై నాలుగు గంటలు ఉండటమంటే చెమట పొక్కులు, మడతల్లో తామర, నిద్ర లేని రాత్రులు. భరించలేక విప్పేస్తారు, విప్పిన చోట నీరు చేరుతుంది. డిసెంబర్, జనవరి నెలలు మనకు మంచివి.

ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమతో చేసే రెండు పనులను అడ్డుకోవాలి. ఒకటి కాపడం. పొట్ట మీద చర్మానికి కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు స్పర్శ సరిగా ఉండదు. వేడి తెలియదు. వేడినీళ్ళ బ్యాగు పెడితే కాలి బొబ్బలెక్కేదాకా మీకే తెలియదు. ఐసు ముక్క నేరుగా పెట్టినా అంతే. రెండోది పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, చేప దురద అని చారన్నం మీద ఉంచుతారు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, చేప తినండి. మీకు ముందు నుంచీ ఏదైనా పడదని తెలిస్తే అది మానేయండి, అంతే. ఊరగాయలు, అప్పడాలు మాత్రం తగ్గించండి, ఉప్పుకు వాపు పెరుగుతుంది.

మూడో వారం నుంచి పొట్ట అక్కడక్కడ గట్టిగా, ముద్దలుగా తగులుతుంది. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటుంది. నరాలు మళ్ళీ అతుక్కుంటున్నాయన్నమాట. సర్జన్ చెప్పినప్పటి నుంచి మెత్తగా మర్దన చేసుకోవాలి. ఆరు వారాలకు వాపు చాలావరకు దిగి ఆకారం తెలుస్తుంది. చివరి ఆకారం చూడటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అప్పటికీ ఎగుడుదిగుడులు మిగలొచ్చు, రెండు పక్కలూ కొద్దిగా తేడాగా ఉండొచ్చు. మంచి చేతుల్లోనూ ఇది జరుగుతుంది.

ఇప్పుడు మీ బడి, మీ తమ్ముడి పెళ్ళి. కుర్చీలో కూర్చుని చేసే పనికి వారం పది రోజుల్లో వెళ్ళొచ్చు. మీది రోజంతా నిలబడి పాఠం చెప్పే పని. రెండు వారాలన్నా సెలవు ఉండాలి, ఆ తర్వాత కూడా కుర్చీ వేయించుకోవాలి. నీళ్ళ బిందెలు, గ్యాస్ సిలిండర్, చంటిపిల్లలను ఎత్తుకోవడం, గట్టి వ్యాయామం నాలుగు నుంచి ఆరు వారాల దాకా వద్దు. ఏడో వారంలో అక్కగా మీ తమ్ముడి పెళ్ళిలో మీరు కుర్చీలో కూర్చుంటారా? కూర్చోనివ్వరు, మీరూ కూర్చోరు. నిద్ర ఉండదు, తిండి వేళకు ఉండదు, పొద్దు మునిగేసరికి పొట్ట వాచిపోతుంది. ఇప్పుడు కుట్టించిన జాకెట్లు, లంగాలు అప్పటికి సరిపోతాయో లేదో చెప్పలేం. నేనైతే పెళ్ళయ్యాకే చేయించుకోమంటాను. ఈలోగా ఒక నాలుగు కిలోలు తగ్గగలిగితే షుగర్‌కూ మంచిది, ఆపరేషన్ ఫలితమూ మెరుగ్గా ఉంటుంది.

అత్తగారి దగ్గర దాచడం గురించి నాకు బాగా బెంగగా ఉంది. ఆపరేషన్ సంగతి పెళ్ళికొచ్చిన చుట్టాలకు చెప్పాల్సిన పని లేదు. స్కూల్లోనూ చెప్పక్కర్లేదు. కానీ రాత్రి మీ పక్క గదిలో పడుకునే మనిషికి తెలియాలి. ఐదో రోజు అర్ధరాత్రి మీకు ఆయాసం వచ్చిందనుకోండి. మీ ఆయన నైట్ షిఫ్టులో ఉంటారు. అపెండిక్స్ అనుకుంటున్న అత్తగారు గ్యాస్ పట్టిందని వాము నీళ్ళిచ్చి తెల్లారనిద్దాం అంటారు. ఆస్పత్రికి తీసుకెళ్ళినా డ్యూటీ డాక్టర్‌కు అపెండిక్స్ అనే చెబుతారు. ఆయన వెతకాల్సిన చోట వెతకరు. గడ్డ ఊపిరితిత్తిలో ఉన్నప్పుడు ఆ రెండు మూడు గంటలే ప్రాణం. ఇంకో సంగతి, ఈ అబద్ధం నిలవదు. పొట్ట చుట్టూ నీలం మరకలు, తొడల దాకా బిగుతు డ్రెస్, తడిసిన దుప్పట్లు చూసి ఏ అత్తగారు అపెండిక్స్ అని నమ్ముతారు?

ఆవిడకు ఇష్టం లేకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. ఇష్టం లేకపోయినా తెలిస్తే అర్ధరాత్రి ఆటో పిలుస్తుంది. మీ ఆయన చేత చెప్పించండి, డబ్బు ఖర్చుతో సహా. కోప్పడితే కోప్పడనివ్వండి. అది కుదరదంటే మొదటి రెండు వారాలు మీ అమ్మగారింట్లో గడపండి, ఆవిడకు అన్నీ చెప్పి. మీ ఆయన కనీసం మొదటి మూడు రోజులు సెలవు పెట్టాలి. ఆ మూడు రోజులు దొరకని నెలలో ఆపరేషన్ వద్దు.

పక్కనుండే మనిషికి ఈ లక్షణాలు కాగితం మీద రాసివ్వండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం. మనిషి తికమకగా మాట్లాడటం. జ్వరం 101 దాటడం. తగ్గాల్సిన పొట్ట నొప్పి గంటగంటకూ పెరిగి వాంతులు కావడం. చర్మం నల్లగా మారి బొబ్బలు లేవడం, ముట్టుకోనివ్వనంత నొప్పి. మూత్రం బాగా తగ్గిపోవడం. వీటిలో ఏది కనిపించినా చెన్నైకి ఫోన్ చేసి జవాబు కోసం కూర్చోకుండా 108 పిలిచి దగ్గర్లోని పెద్దాస్పత్రికి వెళ్ళాలి. మీకు నెల్లూరు గంట దూరమే. చేతిలో డిశ్చార్జ్ సమ్మరీ ఉండాలి. ఎంత ద్రవం ఎక్కించారు, ఎంత తీశారు, ఏ మత్తు ఇచ్చారు అన్నది అందులో రాసి ఉండాలి.

ఎవరి దగ్గర చేయించుకోవాలి? ఎంబీబీఎస్ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గాని, డీఎన్‌బీ గాని చేసినవారి దగ్గర. బోర్డు మీద కాస్మెటిక్ అని ఉన్నంత మాత్రాన చాలదు. డిగ్రీ అడగడానికి మొహమాటపడొద్దు, మంచి సర్జన్ ఏమీ అనుకోరు. అక్కడ ఐసీయూ ఉందా, లేకపోతే అవసరమైతే ఏ ఆస్పత్రికి పంపిస్తారు, రాత్రి ఫోన్ ఎత్తేది డాక్టరా, రిసెప్షనా అని అడగండి. లక్షా ఇరవైలో మత్తు డాక్టర్ ఫీజు, రాత్రి గది, డ్రెస్సులు, తర్వాతి చూపులు కలిసి ఉన్నాయా, జీఎస్టీ వేరా అన్నది కాగితం మీద రాయించుకోండి. అందం కోసం చేసే ఆపరేషన్ కాబట్టి ఇన్సూరెన్స్ రాదు, ఎన్టీఆర్ వైద్యసేవలోనూ రాదు. ఏదైనా తేడా వస్తే అయ్యే ఖర్చుకు కూడా కొంత డబ్బు పక్కన ఉంటేనే దిగండి.

మళ్ళీ పొట్ట వస్తుందా అంటే, తీసిన కొవ్వు కణాలు తిరిగి రావు. కానీ బరువు పెరిగితే మిగిలిన కణాలు ఉబ్బుతాయి, తీయని చోట్ల కూడా. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ వాళ్ళు లైపో చేయించుకున్న స్త్రీలను ఏడాది పాటు చూస్తే, ఒంట్లో మొత్తం కొవ్వు ఏడాదికల్లా మళ్ళీ మొదటికే వచ్చింది. తొడల్లో పోయింది పొట్టకు చేరింది. తిండి, నడక ఏమీ మార్చుకోకుండా ఉన్నవాళ్ళ సంగతి ఇది. ఇంకో బిడ్డను కనాలన్న ఆలోచన ఏమాత్రం ఉన్నా ఈ ఆపరేషన్ వాయిదా వేయండి.

ఈ వారంలో కావలిలోనో నెల్లూరులోనో పొట్ట స్కాన్, హీమోగ్లోబిన్, మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ, ఈసీజీ చేయించండి. హెర్నియా, కండరాల మధ్య ఎడం చూడమని స్కాన్ చేసే డాక్టర్‌కు నోటితో చెప్పండి, చెప్పకపోతే చూడరు. రక్తం తక్కువుంటే ముందు అది సరిచేయాలి. గర్భనిరోధక మాత్రలు గాని, ఎకోస్ప్రిన్ గాని, మోకాళ్ళ నొప్పికి మాత్రలు గాని వాడుతుంటే సర్జన్‌కు చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. ఆ రిపోర్టులతో ఇద్దరు ప్లాస్టిక్ సర్జన్లను విడివిడిగా కలవండి, ఒకరు చెప్పింది రెండోవారికి ముందే చెప్పకుండా. ఇద్దరూ లైపో చాలంటే పెళ్ళి తర్వాతి తేదీ తీసుకోండి. స్కాన్‌లో హెర్నియాగాని, కండరాల ఎడంగాని వస్తే ఆ రిపోర్టు కాపీ జతచేసి నాకు మళ్ళీ రాయండి.